ఢాకా కోసం తిప్పిన పసుపు

మా తమ్ముడు చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎన్నడూ చూడని ఢాకా వాళ్ల కోసం ఇంట్లో ఉన్న పసుపంతా పాడు చేసుకున్నాడు.

వాడు గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఇనుప కడ్డీలు వంచి, ఇక చాలనుకుని మల్లాపూర్ దగ్గరి మా ఊరికి వచ్చేశాడు. "ఇగ పోనక్కా. పసుపు పండిస్త, ఇంటికాడనే ఉంట" అన్నాడు. అందరికంటే ఎక్కువ సంతోషపడింది మరదలు. ఆమెది సిరిసిల్ల. వాళ్ల నాయన ఇంట్లోనే మరమగ్గం నడుపుతూ, దాని పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. మొగుడంటే ఫోన్‌లో కనిపించేవాడని పాపం ఆమెకు పెళ్లయ్యాకే తెలిసింది. "పంట మంచిగొస్తె మనిషి నిలబడతడు వదినె" అని నాతో అంది. పంట మంచిగానే వచ్చింది. మావాడి బుద్ధే నిలబడలేదు.

పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలి రంగు తేలుతుంది. మరీ తిప్పితే పసుపు కూడా అరిగి తూకం తగ్గుతుంది. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. కానీ కోరుట్ల వ్యాపారి ఒకాయన, బంగ్లాదేశ్ వాళ్లకు మెరుపు కావాలని చెప్పాడట. మావాడు పంటంతా రెండోసారి తిప్పించాడు.

"గింత షోకెందుకురా? మనోళ్లు తూకం సూస్తరు గద" అన్నాను.

"మనోళ్లకు ఎవలు అమ్ముతున్నరక్కా? సక్కగ ఢాకా పోతది" అన్నాడు, అక్కడ వీడికి మేనత్త ఉన్నట్టు.

మంచి ధర వస్తుంది, ఇంకొన్నాళ్లు ఆగమన్నాడు వ్యాపారి. ఆగాం. ఈలోగా బంగ్లాదేశ్‌లో సర్కారు కూలింది. లారీలు సరిహద్దులో నిలిచిపోయాయని, కొత్తవాళ్ల సంగతి తేలేదాకా ఎవరూ కొనరని ఒకసారి చెప్పి, ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడమే మానేశాడు. నేను జగిత్యాలలో బడిపిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. ఆ వారం పొరుగు దేశాలతో సంబంధాల పాఠం వచ్చింది. పుస్తకంలో ఇద్దరు నాయకులు నవ్వుతూ చేతులు కలిపిన బొమ్మ ఉంది. పేజీ చింపేయాలన్నంత కోపం వచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నిజామాబాద్ మార్కెట్‌కు పోయాం. అక్కడి వ్యాపారి కొమ్ము విరిచి చూశాడు. "మస్తు మెరుస్తున్నయి. కానీ తూకమేదీ?" అన్నాడు. అమ్మితే పెట్టుబడి కూడా రాలేదు.

తమ్ముడు మళ్లీ గల్ఫ్ అన్నాడు. మరదలు వాడి బట్టలు మడతపెట్టింది, మామిడికాయ తొక్కు సీసాలో నింపింది. అంతకంటే రెండు తిట్టినా నాకు కొంచెం నయంగా ఉండేది.

రేపు ప్రయాణమనగా ఏజెంటు ఇంటికొచ్చి నసిగాడు. "మీ తమ్ముడు పోయే గల్ఫ్ దేశంల మంత్రి మారిండట. కొత్త వీసాలన్ని బంద్ పెట్టిండ్రు, మీవోనిది గూడ ఆగిపోయింది. ఎప్పుడు తీస్తరో ఎవలకు తెల్వది."

వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మేం ఓటేయని చోట ఎవడు ఎక్కినా, ఎవడు దిగినా దెబ్బ మాత్రం మాకే! తమ్ముడు తల పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. ఈ మాట మరదలికి ఎలా చెప్పాలా అనుకుంటూ లోపలికి పోయాను.

ఆమె అప్పటికే అంతా విన్నది. కట్టిన సంచి విప్పి, మొగుడి అంగీలు ఒక్కొక్కటే దండెం మీద వేస్తోంది. కళ్ల నిండా నీళ్లు, ముఖమంతా నవ్వు.

"ఎవలు దిగిపోయిండ్రో ఏమో గని వదినె, వాని కడుపు సల్లగుండ!" అంది.