బెంచీ మీద ఓబులేసు

కరోనా తగ్గి మైదానాలు మళ్ళీ తెరిచిన మరుసటి ఏడాది, తాడిపత్రిలో బండల పాలిష్ పనివాళ్ళు నడుపుకునే ఫుట్‌బాల్ క్లబ్బుకు నన్ను మేనేజరుగా పెట్టారు. ఊళ్ళో ఆ క్లబ్బు అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరూ ‘బండల టీం’ అంటారు. ఆటగాళ్ళలో సగం మంది వారమంతా కోత మిషన్ల దగ్గరో, లారీలకు బండలెత్తే చోటో పనిచేసి, ఆదివారం బూట్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఫుట్‌బాల్‌లో మేనేజరంటే ఆఫీసులో కుర్చీ వేసుకునే ఉద్యోగం కాదు. ఎవరు ఆడాలి, ఎవరు బెంచీ మీద ఆగాలి, ఏ పద్ధతిలో ఆడాలి అన్నది తేల్చడం ఆ పని. గెలిస్తే పేరు గోల్ కొట్టినవాడికి పోతుంది, ఓడితే తిట్లు మాత్రం ఎక్కడికీ పోకుండా మేనేజరు దగ్గరకే వస్తాయి.

నేను కంబదూరు దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాను. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకేసిన చేలల్లో బంతి తన్నడం నేర్చుకున్నాను. డీ లైసెన్స్, అంటే కోచింగ్‌లో మొదటి మెట్టు పరీక్ష పాసై, పన్నెండేళ్ళుగా అనంతపురంలో ఆడపిల్లల జట్లకు ఆట నేర్పుతున్నాను. మగవాళ్ళ జట్టు చేతికి రావడం అదే మొదలు. రోజూ బస్సులో పోయి రావచ్చులే అని ఒప్పుకున్నాను.

క్లబ్బు కార్యదర్శి మంచివాడు, కానీ నోట్లో మాట ఆగదు. నా పేరు ప్రకటించగానే అభిమానుల వాట్సాప్ గ్రూపులో వచ్చినవన్నీ ఒకటి వదలకుండా నాకే పంపాడు. ‘ఏమప్పా, జిల్లాలో మొగోళ్ళు కరువైనారా?’ అని ఒకరు. ‘డ్రిల్లు టీచరమ్మ వచ్చిందంట, అందురూ చేతులు ముందుకు చాపండి’ అని ఇంకొకరు. ‘పాత సారు లేని టీం మాకొద్దు’ అని చాలామంది. పాత మేనేజరు వేరే ఊరికి ఉద్యోగం మారి వెళ్ళాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆయన్ను వాళ్ళు అంతగా ఇష్టపడటంలో తప్పేమీ లేదు.

అన్నిటికంటే చివర ఒక వాయిస్ మెసేజ్. ‘ఆయమ్మ ఎవురో నాకు తెల్దు. నా కొడుకు గోల్ కొడతాడు, నేను పలక కొడతా. నడమ ఆయమ్మకేం పని?’

ఆ గొంతు సుంకన్నది. అభిమానులకు పెద్ద దిక్కు. ముప్పై ఏళ్ళుగా బండలెత్తే మేస్త్రీ. ఆట ఉన్న ప్రతి ఆదివారం మెడలో పలక, అంటే డప్పు, వేసుకుని వచ్చేవాడు, ఆయన దరువు మీదే మిగతా వాళ్ళంతా కేకలు వేసేవాళ్ళు. కొడుకు ఓబులేసు జట్టులో ముందువరసలో ఆడే స్ట్రైకర్. గోల్స్ కొట్టడమే వాడి పని, కొట్టేవాడు కూడా. ఆ వాయిస్ విని నాకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చిందని ఒప్పుకోవాలి.

మొదటి రోజు నేను బంతి బయటకు తీయలేదు. ఏ జట్టునైనా చేతిలోకి తీసుకోగానే స్క్రీనింగ్ చేస్తాను. ఒక్కొక్కరినీ పిలిచి ఒంటికాలి మీద గుంజీ తీయించడం, చిన్న అరుగు మీద నుంచి దూకించి కాలు ఎట్లా ఆనుతుందో చూడటం. మైదానం పక్క గట్టు మీద యాభై మంది దాకా చేరి తమాషా చూస్తున్నారు. సుంకన్న దగ్గరకు వచ్చి అడిగాడు.

“మేడమ్మా, ఆటాడిచ్చేకి వచ్చినావా, పీటీ పీరియడ్ చెప్పేకి వచ్చినావా?”

“రెండిటికీ అన్నా. ముందు మోకాళ్ళు చూసేకి వచ్చినా.”

గట్టంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యే ఓబులేసు అరుగు మీద నుంచి దూకాడు. ఎడమ మోకాలు లోపలికి వాలింది. ఎవరూ గమనించకముందే బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయాడు. నొప్పి దాచుకునేవాళ్ళందరూ సరిగ్గా అప్పుడే లేసు కట్టుకుంటారు, అది నాకు బాగా తెలుసు.

అందరూ పోయాక పక్కకు పిలిచాను. “ఏం లేదక్కా, బాగుండాది” అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి అడిగితే తల వంచుకున్నాడు. అంతకు ముందు ఏడాది ఒక ఆటలో తిరగబోతుంటే లోపల టక్కుమందట. వాపొచ్చింది, తగ్గింది. పట్టీ చుట్టుకుని ఆడుతూనే ఉన్నాడు.

“బండ ఎత్తేటప్పుడు ఒక్కోసారి మోకాలు లోపల జారిపోతాదక్కా. పక్కనోడు పట్టుకుంటాడు.”

“మీ నాయనకు తెలుసా?”

“నాయనకు చెప్పొద్దక్కా. నేను గోల్ కొట్టినప్పుడు ఆయప్ప హోటల్లో అడుగుపెడితే లేచి చోటిస్తారు. మిగతా దినాల్లో ఎవురూ సుంకన్నా అని గూడా పిలవరు. ఎవురికీ చెప్పనంటేనే డాక్టరు కాడికి వస్తా.”

మాటిచ్చాను. అనంతపురంలో స్కాన్ తీయించాము. ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టి ఉంచే గట్టి తాడు లాంటి బంధం, అది తెగి ఉంది. మామూలుగా నడిస్తే పెద్దగా తెలియదు. పరిగెత్తుతూ ఒక్కసారి మెలిపడితే మాత్రం ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర కూడా పోతుందని, అప్పుడు బరువులెత్తే పని జన్మలో చేయలేడని డాక్టరు చెప్పాడు. ఓబులేసుకు చదువు లేదు. ఇరవై మూడేళ్ళ వయసు, బండలెత్తే పని, ఆ రెండు కాళ్ళే వాడి ఆస్తి. నేనున్నంత కాలం ఈ మోకాలితో వీడు మైదానంలో కాలు పెట్టడు అని అక్కడే తేల్చుకున్నాను. ఎందుకన్నది మాత్రం వాడి నోటితోనే బయటికి రావాలి.

మొదటి ఆటలో ఓబులేసును బెంచీ మీద కూర్చోబెట్టాను. ఓడిపోయాము. ఆ రోజు అభిమానులు నన్ను తిట్టలేదు, అంతకంటే పెద్ద పనే చేశారు. సుంకన్న పలక చంకలో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఎదుటి జట్టు గోల్ కొట్టినప్పుడు గట్టు మీది వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. సొంత ఊళ్ళో, సొంత జట్టు మీద! మా గోల్‌కీపర్ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రెండో ఆట డ్రా. ఆ తర్వాత రెండు ఓటములు. ఇంట్లో తండ్రి అడిగితే ఓబులేసు ‘ఆయమ్మ దింపలేదు నాయనా’ అని చెప్పాడట. నిజం చెప్తున్నాను, ఆ మాట తెలిసినప్పుడు బస్సులో కూర్చుని ఏడ్చాను. ఎవడి కాలు కాపాడుతున్నానో వాడే నన్ను ముందుకు తోసి వెనక దాక్కున్నాడు. అయినా మరుసటి రోజు పొద్దున్నే వాడి చేత చేయించాల్సిన వ్యాయామాల కాగితం పట్టుకుని తాడిపత్రి బస్సెక్కాను. కోపం వచ్చిందని పని మానేస్తే వాట్సాప్‌లో వాళ్ళన్నదే నిజమవుతుంది.

సీజన్‌లో చివరి ఆట సోమందేపల్లె జట్టుతో, మా మైదానంలోనే. డ్రా అయినా చాలు, నిలబడతాము. ఓడితే కింది డివిజన్‌కు పోతాము. విరామానికి ఒక గోల్ వెనకబడి ఉన్నాము. క్లబ్బు అధ్యక్షుడు, ఒక పాలిష్ యూనిట్ యజమాని, నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. “ఓబులేసును దింపు మేడమ్. లేదంటే రేపట్నుంచి నువ్వు రావద్దు.”

“రాకుంటే రాను సార్. వాడు మాత్రం దిగడు.”

ఆట ఇంకా పావుగంట ఉందనగా గట్టు మీద కేకలు మొదలయ్యాయి. “ఓబులేసూ! ఓబులేసూ!” సుంకన్న సున్నపు గీత దాటి నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“నా కొడుక్కూ నీకూ ఏం పగమ్మా?”

“పగ లేదన్నా.”

“మరి ఎందుకు కూసోబెట్టినావు? ఊరంతా అడుగుతాంది, చెప్పు!”

నేను బెంచీ వైపు తిరిగాను. అప్పటికే ఓబులేసు జాకెట్ విప్పేసి నిలబడ్డాడు. “పది నిమిషాలే కదక్కా, ఆడతాలే” అన్నాడు. నేను రెఫరీకి చెబితే తప్ప ఎవరూ లోపలికి పోలేరు. వాడి కళ్ళల్లోకి చూసి అన్నాను.

“పోదువు గానీ. ముందు మీ నాయన ముందర ఎడమకాలి మీద ఒక్కసారి దూకి నిలబడు.”

ఆ మాటతో ఇచ్చిన మాట తప్పానేమో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఓబులేసు తన కాలు చూసుకున్నాడు, తండ్రిని చూశాడు. మెల్లగా బెంచీ మీద కూర్చుండిపోయాడు.

“నాయనా, మోకాల్లో నరం తెగినాది. ఏడాదైంది.”

సుంకన్నకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత గట్టు వైపు తిరిగి, పలక కంటే గట్టిగా అరిచాడు. “నోర్ముయ్యండ్రా అందురూ!” ఆ పైన తన వాళ్ళ దగ్గరకు పోలేదు. కొడుకు పక్కన బెంచీ మీదే, ఆట అయిపోయేదాకా కూర్చున్నాడు. మేము ఓడిపోయాము. కింది డివిజన్‌కు పోయాము.

అధ్యక్షుడు రాజీనామా రాసిమ్మన్నాడు. “తీసేయండి సార్, రాజీనామా మాత్రం రాయను” అన్నాను. ఆ వారంలోనే సుంకన్న ఆయన యూనిట్‌కు పోయి, “నా కొడుకు మోకాలి కోసం ఓడిపోయినారు, తిట్టల్లంటే నన్ను తిట్టండి” అన్నాడని కార్యదర్శి ఎప్పటిలాగే ఆగలేక చెప్పాడు. నన్ను ఉంచారు. అభిమానులందరూ మారిపోయారని అనుకోకండి. గ్రూపులో నన్ను డ్రిల్లు టీచరమ్మ అనేవాళ్ళు నేటికీ ఉన్నారు.

తర్వాతి సోమవారం సుంకన్న మైదానానికి ఒక్కడే వచ్చాడు.

“రెండు నెల్లు తిడితే పడినావు. ఒక్క మాట చెప్పింటే అయిపోయేది కదమ్మా.”

“ఆ మాట నాది కాదన్నా, వానిది.”

ఆయన నేల చూస్తూ అన్నాడు. “లారీకి ఎత్తేముందు ప్రతి బండా సుత్తితో తట్టి చూస్తా. మోత తేడా వస్తే పక్కన పెట్టేస్తా. ముప్పై ఏండ్లల్లో చీలిన బండ ఒగటి గూడా నా చేతి మీద లారీ ఎక్కలేదు.” తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “వాడు నాకెందుకు చెప్పలేదమ్మా?”

జవాబు నాకు తెలుసు. హోటల్లో లేచి చోటిచ్చే సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. “వాన్నే అడుగన్నా” అని మాత్రం అన్నాను. అడిగాడో లేదో నాకు తెలియదు. ఓబులేసుకు ఆపరేషన్ అయింది. బండలెత్తడం మాని కోత మిషన్ మీదకు మారాడు. ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నాడు, ముందున్నంత వేగం లేదు.

మోకాలు చూడటం నాకు ముందే వచ్చు. ఇంటివాళ్ళతో మాట్లాడాలన్నది ఆ ఏడాది నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ జట్టుకు పోయినా మొదటి రోజు పెద్దవాళ్ళనూ పిలిపిస్తాను. అందరి ముందూ ఒకే ప్రశ్న అడుగుతాను. “మీ పిల్లోనికి నొప్పొస్తే మొదట ఎవురికి చెప్తాడు?” చాలామంది తండ్రులు వెంటనే “నాకే” అంటారు. ఆ క్షణాన నేను చూసేది వెనక నిలబడ్డ పిల్లల ముఖాలు.