రెండో గుమ్మడికాయ

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని ఆ రోజుల్లో మనిషికి ఎంత ధీమా ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రాయగడలో జంతుశాస్త్రం చదివి, ప్రాణికోటి గుట్టంతా తెలిసినట్టు ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, మా నాన్న చూసి చూసి నన్ను కొరాపుట్ బస్సెక్కించాడు. అక్కడ మా మేనత్తకీ మావయ్యకీ స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. వాళ్ళమ్మాయి, అంటే మా వదిన, తొలి పురిటికి పుట్టింటికి వచ్చింది. కూతురిని వదిలి అత్త అంతగా కిందికి దిగడం లేదు కాబట్టి కొట్లో మావయ్యకి సాయంగా నేను. సాయమంటే మరేం లేదు, గిన్నెలు తుడవడం, బూజు దులపడం (రెండోది ఎక్కువగా వాయిదా పడేది).

కొట్టు ముందు రేకుల కింది ఇనప కమ్మీకి అందరి కొట్లకీ ఉన్నట్టే దిష్టి గుమ్మడికాయ వేలాడేది. శ్రీకాకుళం వైపు నుంచి ఒడిశా వచ్చిన మా వ్యాపారస్తుల ఇళ్ళలో ఉగాది ముందురోజు, కొత్త అమావాస్య నాడు, పాత కాయ దింపి కొత్తది కట్టాలి. ఆ ఏడు అమావాస్య ఇంకా కొన్ని వారాలు ఉందనగా బొటనవేలంత పిట్ట ఒకటి కొట్లోకి రావడం మొదలుపెట్టింది. పసుపుపచ్చ పొట్ట, కొడవలిలా వంగిన ముక్కు. తేనెపిట్ట. తిన్నగా బిందెల వెనక్కి దూరి, సాలెగూడు ముక్కున కరుచుకుని బయటికి ఎగిరిపోయేది. అత్తకి బూజంటే పరువు సమస్య. "సూసేవేటే అమ్మీ, మన కొట్లో బూజుందని ఊరంతా సాటించీసింది!" అని నా ముందు నెత్తి కొట్టుకుంది. ఆ బూజుతో ఎండు గడ్డీ, బెరడు పీచూ, మా బిందె మీద అంటించిన చీటీ ముక్కా కలిపి, గుమ్మడికాయ తాడుకే చిన్న సంచిలాంటి గూడు కట్టేసింది. ఆ గూటి గుమ్మానికి పైన చిన్న చూరు కూడా పెట్టుకుంది. ఇక మగపిట్ట! నీలమూ నలుపూ కలిసి నిగనిగలాడుతూ, ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని పాటలు పాడడమే తప్ప ఒక్క పుల్ల తెచ్చిన పాపాన పోలేదు. అత్త ఓ రోజు దాన్ని చూసి, "అచ్చం మన అల్లుడే. తెరుబలి నుంచి ఆదివారం వస్తాడు, ఫోన్లో పాటలు ఎట్టుకుంటాడు, ఎలిపోతాడు" అంది. ఆ అల్లుడు, అంటే మా అన్నయ్యగారు, తెరుబలి ఫ్యాక్టరీలో ఎంత కష్టపడతాడో తెలిసిన వదిన సాయంత్రం దాకా తల్లితో మాట్లాడలేదు.

అమావాస్య రానే వచ్చింది. అప్పటికి గూట్లో ఆడపిట్ట గుడ్ల మీద కూర్చుంది. మావయ్య స్టూలెక్కి తాడు మీద కత్తి పెట్టబోతుంటే అత్త మెట్ల మీద నుంచి పరుగున వచ్చింది.

"ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లనెట్టుకుని ఇంకో తల్లి గూడు తెంపుతారేటండీ? మీకు సెయ్యెలా వస్తాది?"

"మరి పాత కాయ ఇలాగే ఇడిసీస్తే ఏడాదంతా కొట్టుకి దిష్టి కాదేటే? నానేటి సెయ్యను?"

ఇద్దరిదీ నిజమైన భయమే. ఇంతలో మావయ్య మెట్ల వైపు చూశాడు. అక్కడ వదిన నిలబడి ఉంది. కడుపు మీద చెయ్యి వేసుకుని గూటికేసి చూస్తోంది. మావయ్య కత్తి నాకిచ్చేసి, "అమ్మీ, ఇంకో తాడు తే" అన్నాడు. అలా పాత కాయ పక్కన కొత్త కాయ వేలాడింది. అత్త మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది. "ఎవులికీ సెప్పకండి. జనం ఎగబడి సూస్తే పిట్టకి దిష్టి తగుల్తాది." (రెండు దిష్టికాయల మధ్య కాపురమున్న పిట్టకి దిష్టెలా తగులుతుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.)

పక్కన మిఠాయి కొట్టు ఒడియా ఆయన తలెత్తి చూసి, "దుయిటా కాహింకి?", రెండెందుకని అడిగాడు. మావయ్య గంభీరంగా "పెద్దల ఆచారం" అన్నాడు. అది పెళ్ళిళ్ళ కాలం, మా బిందెలు జోరుగా పోతున్నాయి. ఎదురు బట్టల కొట్టాయన ఆ జోరూ చూశాడు, ఆ కాయలూ చూశాడు. మర్నాడు ఆయన కొట్టుకీ రెండు. ఆ తర్వాత గాజుల కొట్టుకీ రెండు. మావయ్య పెదవి విప్పలేదు, ఒట్టు కదా.

గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక నా చదువుకి పని పడింది. "జంతువుల సదువు సదివేవు కదా, సెప్పు, ఏటి తింటాయివి?" అంది అత్త. పేరులోనే తేనె ఉన్నాక ఆలోచించడమెందుకు? సంతలో కొండ తేనె తెప్పించి, చిన్న గిన్నెలో పోసి కమ్మీకి కట్టాను. పిట్ట దానివైపు చూడనైనా లేదు. చీమలు మాత్రం చూశాయి. గోడ మీద నుంచి కమ్మీ దాకా బారు కట్టి గూటి వైపు బయల్దేరాయి. అత్త కెవ్వుమని, గిన్నె లాగేసి, చీమల సుద్దతో గోడంతా గీతలు గీసింది. సరిగ్గా అప్పుడే తల్లిపిట్ట ముక్కున సాలీడుతో వచ్చి పిల్లల నోట్లో పెట్టింది. తను తాగేది తేనే అయినా పిల్లలకి పెట్టేది పురుగులే. "ఏటే, నీ సదువులో ఇది లేదా?" "మాకు కప్పా బొద్దింకా వరకే చెప్పారత్తా" అన్నాను. ఆ మాట ఇంట్లో చాలాకాలం నడిచింది.

అసలు గండం తర్వాత వచ్చింది. పాత కాయ కుళ్ళడం మొదలై, కింద పేర్చిన పళ్ళేల మీద చుక్కలు చుక్కలుగా కారుతోంది. అది ఊడి పడితే తాడు ఒక్కసారిగా పైకెగురుతుంది, గూడు తిరగబడుతుంది. వదిన అన్నం సరిగా తినడం మానేసింది. మెట్ల మీదే కూర్చునేది. "అది గానీ పడిపోతే..." అని నాతో అని ఆగిపోయింది.

ఆ ఆదివారం అన్నయ్యగారు తెరుబలి నుంచి వచ్చాడు. సంగతి విని పాటలు పెట్టలేదు, చొక్కా చేతులు మడిచాడు. ఉల్లిపాయల వలసంచి, నాలుగు ఇనప తీగ ముక్కలు అడిగాడు. తల్లిపిట్ట మేతకెళ్ళే దాకా స్టూలు మీద ఊపిరి బిగబట్టి నిలబడి, అది ఎగరగానే కాయ కింద వల పట్టి, నాలుగు వైపులా కమ్మీకి బిగించాడు. తాడు కదల్లేదు. కాయ రసం మాత్రం ఆయన ఇస్త్రీ చొక్కా మీద ధారగా కారింది. అదే సమయానికి మగపిట్ట కూడా ముక్కున పచ్చపురుగుతో వచ్చి, ఆయన్ని తిట్టి, పిల్లలకి పెట్టి పోయింది. అత్త కిందినుంచి చూసి, "పోన్లే, ఇద్దరూ పనికొచ్చేరు" అంది. వదిన నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

పిల్లలు రెండూ ఎగిరిపోయాకే పాత కాయ దిగింది. ఆ వెంటనే వదినకి ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో అందరూ దాన్ని పిలిచేది పిట్ట అనే.

మొన్న కొత్త అమావాస్యకి కొరాపుట్ వెళ్ళాను. ఆ వీధిలో తెలుగువాళ్ళ కొట్లన్నిటికీ రెండేసి కాయలే. కాలేజీ సెలవులకొచ్చి కొట్లో కూర్చున్న పిట్ట నాకు ఓపిగ్గా చెప్పింది. "ఒకటి బయటోళ్ళ దిష్టికి, ఒకటి మనోళ్ళ దిష్టికి అత్తా. పెద్దల నాటి నుంచీ ఉన్నాదీ ఆచారం." మూల కుర్చీలో మా అత్త, జుట్టంతా నెరిసి, నావైపు చూసి కన్ను గీటింది. ఒట్టు ఇంకా తీయలేదు మరి (కాబట్టి మీరూ ఎవరికీ చెప్పకండి).

రాయగడలో మా ఇంటి ముందూ ఇప్పుడు రెండు కాయలు కడతాను. మా ఆయన ఎందుకంటే పెద్దల ఆచారమంటాను. ఇంతవరకూ ఏ పిట్టా రాలేదు. అయినా ఉగాది వెళ్ళేదాకా వసారా మూల కొంచెం బూజు దులపకుండా ఉంచుతాను. చూసినవాళ్ళు వయసు మీద పడ్డా నా బద్ధకం పోలేదనుకుంటారు. అనుకోనీ. ఏ తల్లయినా వస్తే, ఇల్లు కట్టుకోవడానికి కాస్త సామాను ఉండాలి కదా.