ఎనిమిదో గ్రీన్ మీద పత్తి

2023 ఎండాకాలం. షోలాపూర్‌లో హోట్గి రోడ్ దాటాక ఉన్న చిన్న గోల్ఫ్ మైదానంలో గడ్డి బాగోగులు చూసే ఉద్యోగం నాది. ఇక్కడి కుంఠా నాకా పేటలో, తెలుగు నేతవాళ్ల ఇంట పుట్టాను. "తాత బట్ట నేసిండు, వీడు గడ్డికి నీళ్లు పడుతుండు" అని మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. గడ్డి పెంచడం అంత తేలికైతే గాడిదలే పెంచుకునేవని నేనూ తిరిగి అంటాను.

బంతి పడాల్సిన గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. ఎండల్లో దానికి నీళ్లు తక్కువైతే మాడుతుంది, ఎక్కువైతే కుళ్లుతుంది. ఆ మే నెలలో అకాల వానలు పడి ఉక్కపోత పెరిగింది. ఎనిమిదో గ్రీన్‌కు పైథియం పట్టుకుంది. తడిలో బూజులా పెరిగే తెగులు అది. మందు కొట్టాను, సాయంత్రం నీళ్లు ఆపేశాను. మచ్చలు తగ్గలేదు సరికదా, గీత గీసినట్టు వరసలుగా పాకాయి. బూజు ఎక్కడైనా వరసలో నడుస్తుందా? నాకు మతిపోయింది.

నెలాఖరుకు పోటీలు. "అప్పటికి బాగుపడకపోతే పని పుణె కంపెనీకి ఇచ్చేస్తాం" అని క్లబ్ కార్యదర్శి తేల్చేశారు. అదే జరిగితే ముందు పోయేది కలుపు తీసే ఆడవాళ్ల కూలి. అందరూ మా పేటవాళ్లే, బీడీలు చుట్టడం మానుకుని ఈ పనికి వచ్చినవాళ్లు. వాళ్లకు పెద్ద రాజవ్వ.

మర్నాడు పొద్దు పొడవకముందే వెళ్లాను. రాజవ్వ, ఇంకో ఇద్దరూ గ్రీన్ మీద వంగి, మెత్తటి చీపుళ్లతో ఊడుస్తున్నారు.

"ఏంది అవ్వా, ఏం చేస్తున్నవ్?"

"కనబడ్తలేదా తమ్మీ, పత్తి! ఇండ్లల్ల సాంచాలు నడుస్తయి గద. ఆ దుమ్ము మా చీరలకు అంటి ఈడ రాలుతున్నది. సాహెబ్ చూస్తే మనకే మాట. అందుకే రోజు నువ్వొచ్చేలోపల సాఫ్ చేస్తున్నం."

వంగి చూశాను. చెమ్మ గడ్డి మీద తెల్లటి బూజు, అచ్చం మా ఇళ్లలో మరమగ్గాల కింద పేరుకునే పత్తి దుమ్ములాగే ఉంది. ఎండెక్కితే మాయమవుతుంది. దాన్నే వీళ్లు రోజూ శ్రద్ధగా, చీపురు నడిచిన వరసల్లో గ్రీనంతా పంచిపెడుతున్నారు! అక్కడే కూలబడి నవ్వాను.

"అవ్వా, అది పత్తి కాదు, రోగం. నువ్వు దానికి బరాత్ తీస్తున్నవ్!"

రాజవ్వ ముఖం పాలిపోయింది. "అయ్యో దేవా! మా పని పోతదా?"

"ఊడ్చుడు బంద్ చెయ్యి, పోదు."

చీపుళ్లు పక్కన పెట్టించి, మళ్లీ మందు కొట్టాను. చెమ్మ ఆరేదాకా ఆ గ్రీన్ మీద ఎవరూ కాలు పెట్టకూడదన్నాను. ఇక చూడాలి రాజవ్వ కాపలా! ఓ పొద్దున కార్యదర్శి వస్తే, "సాహెబ్, థాంబా! ఆగుండ్రి, గడ్డి తడిగున్నది" అని కేకేసింది. ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయారు.

పోటీల నాటికి గ్రీన్ నిండుగా పచ్చబడింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పుణె కంపెనీ మాట ఇక లేదని కార్యదర్శి ఆడవాళ్లందరి ముందూ చెప్పి, రాజవ్వ కాపలాను మెచ్చుకున్నారు. ఆమె నా దగ్గరికొచ్చి, "తమ్మీ, ఊడ్వకుంట కూసున్నందుకు శాబాష్ అనిపిచ్చుకున్నది మా ఖాందాన్ల నేనే మొదలు" అంది.

అప్పటినుంచి మందు పనిచేయకపోతే వెంటనే మందు మార్చను. ఆ గడ్డిని అందరికంటే ప్రేమగా చూసుకుంటున్నది ఎవరో ముందు కనుక్కుంటాను.