కార్డుకు వదిలిన చోటు

మా అన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. ఆర్డర్లు ఆగిపోయి కార్ఖానాకు తాళం పడ్డాక, కోరుట్లలో మా ఇంటికొచ్చి కొన్నాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. బాపు పోయాక అవ్వకూ నాకూ అన్నే దిక్కు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అందుకే దుబాయ్ పోయాడు. పోతూ పోతూ, నేను డిప్లొమాలో చేరితే గేమ్‌లు ఆడుకునే కంప్యూటర్ కొనిపెడతానని మాటిచ్చాడు. నేను అసలే మొండిదాన్ని. చేరిన రోజు నుంచే ఫోన్ చేసి ప్రాణం తోడేశాను.

అన్నకు డ్యూటీ లేని ఒక శుక్రవారం, జగిత్యాలలో షాపులో నిలబడి వీడియో కాల్ పెట్టాను. షాపాయన మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"గీ పైసలల్ల అన్నీ రావమ్మా. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మంచియి తీస్కో. గ్రాఫిక్స్ కార్డు తర్వాత చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. గేమ్‌లకు అసలు ప్రాణమే ఆ కార్డు. అది లేనప్పుడు కనీసం రంగురంగుల లైట్లు మెరిసే క్యాబినెట్ అయినా కావాలని పట్టుబట్టాను. అన్న ఫోన్లోంచే కసిరాడు.

"లైట్లేం జేసుకుంటవే, దాని సుట్టు బతుకమ్మ ఆడుతవా? పవర్ సప్లయ్ పెద్దది తీస్కో. రేపు కార్డు పెడితే కరెంటు సాలాలె గద. కార్డు నేను పంపుత. ఈడ అగ్గువ, తక్కువ పైసలకే దొర్కుతది."

మామూలు క్యాబినెట్‌లోనే పెద్ద సప్లయ్ వేయించుకుని బస్సెక్కాను. లోపల కార్డు పెట్టే చోటు ఖాళీగా ఉండేది. చిన్నచిన్న గేమ్‌లే నడిచేవి.

ఎండలు ముదిరేసరికి అన్న వీడియో కాల్ మానేశాడు. కెమెరా పాడైందన్నాడు. కంపెనీ మారానన్నాడు గానీ పేరు చెప్పలేదు. మాటల మధ్య ఒకటే దగ్గు. ఏసీ గాలి పడట్లేదట. అవ్వ బీడీలు చుట్టే చెయ్యి ఆపి వినేది. నాకు భయమేసేది.

"కార్డు కొన్ననే. మా రూముల ఉండే రాయికల్ ఆయన వస్తుండు, ఆయనతోని పంపుత" అన్నాడు ఒకరోజు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. సిమ్ మార్చి ఉంటాడని అవ్వకు చెప్పాను. నేను మాత్రం నమ్మలేదు.

ఒక పొద్దున ఆ రాయికల్ ఆయన ఆటోలో పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. దుబాయ్ నుంచి సామాన్లు తెచ్చేవాళ్ళు కూర్చుని చాయ్ తాగి, అక్కడి ముచ్చట్లన్నీ చెప్పిగానీ కదలరు. ఈయన గడప దాటలేదు. మంచినీళ్ళు కూడా వద్దన్నాడు.

"ఇంట్ల మగోళ్ళు ఎవరన్న ఉన్నరా బిడ్డా?" అని అడిగాడు. లేరన్నాను. తల దించుకున్నాడు.

పెట్టె కోస్తే పైనే కార్డు ఉంది. అన్న మాట తప్పలేదని ఒక్క క్షణం ఎంత సంతోషపడ్డానో! కింద సబ్బులు, సెంటు సీసాలు ఉంటాయనుకున్నాను. అన్న చొక్కాలున్నాయి. ప్యాంట్లు, దుప్పటి, డ్యూటీ బూట్లు. అవ్వ ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. చివరికి పెట్టె అడుగు కనిపించింది.

అవ్వ తలెత్తి ఆయన వైపు చూసింది.

"అన్ని బట్టలు పంపిండు. మరి నా కొడుకు ఏం తొడుక్కున్నడు తమ్మీ?"