మూడో చుట్టుకు చాలని తాడు

మా పెద్దనాన్న మంచె మీది నుంచి పడి చనిపోయాడు. సోమవారం పొద్దున వనపర్తి హాస్టల్లో తల దువ్వుకుంటుండగా నాన్న ఫోన్ చేశాడు. "అన్న పడిండు బిడ్డా. గద్వాల దవాఖానకు తీస్కపోంగ తొవ్వల్నే పాణం పోయింది" అన్నాడు.

మాది గట్టు మండలంలో మెట్ట ఊరు. పల్లి మొలకెత్తిందంటే తెల్లవారేసరికి జింకల మందలు చేలోకి దిగుతాయి. వాటికి దెబ్బ తగిలితే జైలే. అరిచి తోలడం ఒక్కటే దారి. అందుకని మొలక కాలంలో పిల్లల్ని బడి మాన్పించి, చేతికో పళ్లెం, పుల్ల ఇచ్చి గట్ల మీద నిలబెడతారు. ఐదో తరగతిలో నా వంతు వచ్చింది. మూడు రోజులు నిలబడ్డాను. నాలుగో రోజు పెద్దనాన్న వచ్చి నా చేతిలోని పళ్లెం గుంజుకున్నాడు.

"పోరిని బడికి తోలు. నీదీ నాదీ రెండు చేన్లు నేను జూస్త."

"ఒక్కనివి ఎట్ల జూస్తవన్నా?" అన్నాడు నాన్న.

"పైకెళ్లి జూస్త."

విరిగిన నులక మంచం పట్టెలతో చిన్న మంచె చేశాడు, నెత్తిన మోయగలిగేంత. మాది కౌలు సేద్యం. ఏటా చేను మారుతుంది, చెట్టూ మారుతుంది, మంచె ఆయన వెంట నడిచేది. దాన్ని మానుకు మూడు చుట్లు తాడుతో బిగించి, కింద నుంచి వేలాడి చూసేవాడు. పల్లి పొట్టు నింపిన గోనెసంచి మీద కూర్చుని వీపు మానుకు ఆనించేవాడు. పాదాల కింద అడ్డకర్ర ఉండాల్సిందే. "కాళ్లు ఏలాడితె తిమ్మిరెక్కుతయి. దిగేటప్పుడే పడతం" అనేవాడు. ఎక్కేటప్పుడు చేతుల్లో ఏమీ పట్టుకోడు. నీళ్ల డబ్బా తర్వాత పైకి లాక్కునేవాడు. కూర్చోకముందే నడుముకు తాడు చుట్టి, కొసను మానుకు ముడి వేసేవాడు.

దారిన పోయేవాళ్లు ఊరుకోరు కదా. "ఏందన్నా, ఎద్దును కట్టేసినట్టు నిన్ను నువ్వే కట్టేసుకున్నవ్?"

"ఎద్దుకు నాలుగు కాళ్లుంటయి. నాకు రెండే గద!"

నేను ఇంటర్ పాసైన రోజు చెట్టు మీది నుంచే అడిగాడు, ఎన్ని మార్కులని. చెప్పాను. "గవి ఎక్కువనా, తక్కువనా?" "ఎక్కువే పెద్దనాయినా." జింకల్ని తోలే గొంతుతో ఒక్క కేక పెట్టాడు. ఎక్కడో మేస్తున్న మందంతా లేచి పరుగెత్తింది.

ఈ ఏడు కౌలుకు దొరికిన చేను గట్టున ముసలి వేప ఉంది. పోయినేటి చెట్టుకు ఒకటిన్నర రెట్ల లావు. తాడు రెండు చుట్లకే అయిపోయింది. నాకు ఫోన్ చేశాడు. "ఆయితారం వస్తవా బిడ్డా? గద్వాలల తాడు తే, జర పొడుగుది." నాకు పరీక్ష ఉంది. వచ్చే వారం తెస్తానన్నాను. "మంచిగ రాయి" అని పెట్టేశాడు.

మొలకలు ఆగవు, జింకలూ ఆగవు. మంచె కదలకూడదని నడుముకు కట్టుకునే తాడునే మూడో చుట్టుగా బిగించాడు. మంచె కదలలేదు. ఆయన ఒక్కడే పడ్డాడు. నేను పోయి చూసేసరికి ఆ తాడు ఇంకా మానుకే ఉంది.

మీలో మంచె ఎక్కేవాళ్లుంటే చెప్తున్నాను, నడుము తాడును మరి దేనికీ వాడకండి. తాడు చాలకపోతే ఆ రోజు ఎక్కకండి. చేను పోతే పోనీయండి.

ఇంట్లో అందరూ "నడుముకెందుకు కట్టుకోలే?" అని ఒకరినొకరు అడుగుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. ఫోన్ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఐదు రోజులకే జింకలు సగం చేను మేశాయి. దినాలు కాకుండానే నాన్న మంచె ఎక్కుతానన్నాడు. గద్వాలకు పోయి తాడు తెచ్చాను. మర్నాడు తెల్లవారుతుండగా వేప కింద నాన్న నడుముకు కడుతూ చెప్పేశాను.

"తాడు నన్నే తెమ్మన్నడు నాయినా. నేను రాలే."

నాన్న నడుము మీది ముడిని లాగి చూసుకున్నాడు. "ముడి గట్టిగెయ్యి" అని మాత్రం అన్నాడు. ఎక్కి, కొసను మానుకు కట్టి కూర్చున్నాడు.

పొద్దు పొడిచాక జింకలు వచ్చాయి. ముందు నల్లటి మగది, వెనక పిల్లలతో ఆడవి. మొలకల్లోకి తలలు దించాయి. నాన్న నోరు తెరిచాడు, గొంతు రాలేదు. నేనూ అరవలేకపోయాను. అవి మేస్తూ మేస్తూ వేప నీడ దాకా వచ్చాయి.