రెప్పలో దిగిన ఈకల పురుగు

మీ కళ్లముందే ఒకరి కంటిరెప్పలో గాలం దిగితే మీ చెయ్యి ముందు గాలం మీదికి వెళుతుందా, కొబ్బరికాయ మీదికా?

రెండువేల అయిదో సంవత్సరం ప్రాంతం. భద్రాచలం ఎగువన గోదావరి ఒడ్డు. ఓడ ఉద్యోగంలో దేశాలు తిరిగిన మా బావ, పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలాడు.

"ఇంగ్లండు కాలువల్లో మీలాగే బెండూ వానపామూ వాడతారు. స్కాట్లాండులో గాలానికి ఈకలు కట్టి చేసిన ఇలాంటి ఉత్తుత్తి పురుగు. పట్టి వదిలేస్తారు," అన్నాడు.

"ఇడిసేటందుకు పట్టుడేంది బావా? కూర నీళ్లల్నే ఉడుకుతదా?" అన్నాడు నా మిత్రుడు కొమరయ్య.

ఉక్రోషంతో బావ మళ్లీ గాలం వెయ్యడానికి కర్రను విసురుగా వెనక్కి ఊపాడు. ఈకల పురుగు వెనకున్న కొమరయ్య రెప్పలో దిగబడింది.

"చేపను ఇడిస్తే గంగమ్మకు కోపం రాదా? కొబ్బరికాయ కొట్టి గుంజుర్రి!" అరిచాడు మమ్మల్ని అక్కడికి తెచ్చిన పడవవాడు.

బావ గుంజడానికి దారం పట్టుకున్నాడు. నేనతని మణికట్టు పట్టుకున్నాను. గాలం మొనకు వెనక్కి తిరిగిన ఎదురుముల్లు ఉంటుంది. గుంజితే రెప్ప చీలుతుంది, కన్ను పోవచ్చు.

"చేపను వదిలింది బావ. శిక్ష కొమరయ్యకా? ఇదేం న్యాయం?" అని పడవవాణ్ణి నిలదీశాను.

దారం కోసి, గాలం ఒత్తుకోకుండా కంటిపై టీ గ్లాసు బోర్లించి, తువ్వాలుతో కట్టాను. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా కొమరయ్య నా చెయ్యి నలిపేశాడు. దవాఖానాలో డాక్టరు ముల్లు కత్తిరించి గాలం తీశాడు. కన్ను దక్కింది.

"పెద్ద చేపనే పట్టినవ్ బావా. ఇగ ఇడువు, ఇంటికి పోత," అన్నాడు కొమరయ్య.

మీ ముందు ఎవరికైనా ఇలా జరిగితే లాగకండి, మొక్కుతూ కూర్చోకండి. దారం కోసి, కన్ను కప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.