కుచ్చులకి వదిలిన సీట్లు

తెరలత్త విమానం ఎక్కబోతోందన్న కబురు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పాకడానికి పాలవాడి సైకిలు పట్టినంత సేపు కూడా పట్టలేదు. పాకించింది మరెవరో కాదు, తెరలత్తే. కూరల బండి దగ్గర ఒకసారి, మందుల షాపులో ఒకసారి, ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడకి కింద నుంచే మరోసారి చెప్పింది. మేడ మీదావిడకి సరిగ్గా వినపడలేదేమోనని మెట్లెక్కి వెళ్ళి మళ్ళీ చెప్పొచ్చింది.

ఆవిడ తెరలు కుడుతుంది. కిటికీ తెరలు, గుమ్మం తెరలు, ఆస్పత్రిలో మంచానికీ మంచానికీ మధ్య వేలాడే తెరలు, నాటకశాలల్లో స్టేజీకి కట్టే పెద్ద పెద్ద తెరలు. ఇంటి ముందుగది నిండా ఒకటే బల్ల. బట్ట కత్తిరించేది దాని మీదే, భోజనాలు దాని మీదే, మనవరాలు మధ్యాహ్నం కునుకు తీసేదీ దాని మీదే. కోడలు మిషను తొక్కుతుంది, అత్త చేతికుట్టు చూసుకుంటుంది, మావయ్య ఇస్త్రీపెట్టె వదలడు. ఇల్లంతా నూలుపోగులే. వాళ్ళింటికి చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు చీరకో చొక్కాకో ఓ దారప్పోగు అంటించుకోకుండా వచ్చింది లేదు.

తెరల పనిలో మొదటి పాఠం ఒకటుంది. కిటికీ ఎంత వెడల్పుంటే బట్ట అంతకి రెట్టింపు తీసుకోవాలి. ఆ ఎక్కువంతా కుచ్చుల్లోకి పోతుంది. "కిటికీ ఎంతో అంతే బట్ట కడితే అది తెర కాదే, దుప్పటి" అని కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పింది అత్త. చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. ఆ పాఠం ఆవిడ చేతుల్లోంచి బుర్రలోకి ఎక్కి కూర్చుంది. నలుగురికి వండమంటే ఎనిమిది మందికి వండుతుంది. గంట ముందు రమ్మంటే రెండు గంటల ముందు గుమ్మంలో నిలబడుతుంది. దేనికైనా కుచ్చులకి వదలాల్సిందే.

ఇంతకీ విమానం సంగతి. దూరాన ఒక ఊళ్ళో కొత్త నాటకశాల కట్టారు. దాని తెర అత్తే కుట్టింది, ముదురు ఎరుపు మఖమల్. ఇన్నేళ్ళూ నాటకశాలల పనంటే ఒక దుకాణం యజమాని ద్వారానే వచ్చేది. కుట్టినవి ఆయన లారీకెత్తించుకుపోయేవాడు, ఆయన మనుషులే కట్టేవాళ్ళు. దాంతో జీవితమంతా స్టేజీ తెరలు కుట్టిన మనిషి, తన తెర తెరుచుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఈసారి ఆ హాలు మేనేజరు నేరుగా ఫోన్ చేశాడు. మఖమల్ బరువుకి వేలాడి కాస్త సాగుతుంది, అందుకే కింద అంచు ముందే కుట్టరు. కట్టాక కొన్నాళ్ళు వేలాడనిచ్చి, అది ఎక్కడ ఆగితే అక్కడ కుట్టి, తెర నిటారుగా నిలబడేలా, గొలుసు ఎక్కించిన బట్ట పట్టీ ఒకటి లోపలివైపు కుడతారు. "కుట్టిన చేయే వచ్చి అంచు వేయాలి, ప్రారంభం నాడు మధ్యాహ్నానికల్లా రండి" అని అత్తకీ కోడలికీ టిక్కెట్లు పంపాడు మేనేజరు. పైకప్పు పని ఆలస్యమై తెర మొన్నే వేలాడదీశారట, అంతకంటే ముందు రావడానికి వీల్లేదు. ఆ ఊళ్ళో విమానం దిగదు. పక్క ఊళ్ళో దిగి, అక్కణ్ణుంచి రెండు గంటలు రోడ్డు మీద పోవాలి. బస్సుని నమ్ముకుంటే నాటకం అయిపోయాక చేరతారు.

అదుగో, అలా కారు మాట్లాడాల్సి వచ్చింది. బల్ల మీద బట్టల మధ్య ఫోను పెట్టుకుని ట్రావెల్స్ ఆఫీసుకి చేసింది అత్త. అవతల ఒకమ్మాయి ఎత్తింది.

"ఎక్కణ్ణుంచి ఎక్కడికమ్మా?"

"విమానం దిగిన చోటు నుంచి పక్క ఊరికి తల్లీ. కొత్త నాటకాల హాలుంది చూడు, దాని గుమ్మం ముందుకి. హాలు పేరు మీదే రాసుకో. మలుపులో దించేసి పోతానంటే కుదరదు."

"గుమ్మం ముందే దింపుతాడమ్మా. ఎంతమంది?"

కోడలు ఎదుట నిలబడి రెండు వేళ్ళు చూపించింది. అత్త ఆ వేళ్ళకేసి చూస్తూనే, "నలుగురం" అంది.

"పెట్టెలు?"

కోడలు ఒక వేలు చూపించింది.

"రెండు. పెద్దవి."

"అయితే చిన్న కారు చాలదమ్మా, వ్యాను పంపుతాం."

"పంపు. అన్నట్టు, వ్యాను కిటికీలకి తెరలున్నాయా?"

"కనుక్కుంటానమ్మా. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"అడక్కపోతే ఎలా తెలుస్తుంది మరి" అని ఇంటి నంబరు రాయించి పెట్టేసింది అత్త.

కోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "అత్తయ్యా, మనం ఇద్దరం. మిగతా ఇద్దరూ ఎవరు?"

"ఎవరూ లేరే. కుచ్చులకి."

"కారుకి కుచ్చులేంటి?"

"దేనికైనా ఉండాలే. బిగించి కుడితే పిగులుతుంది."

ఇస్త్రీ చేస్తున్న మావయ్య తల ఎత్తకుండానే, "మరి మొగుణ్ణి మాత్రం ఒక్కణ్ణే ఎందుకు చేసుకుందో అడుగమ్మా" అన్నాడు.

"ఒక్కడే ఇద్దరి తిండి తింటున్నాడుగా, సరిపోయింది" అంది అత్త.

విమానంలో అత్తకి కిటికీ పక్క సీటు దొరికింది. మబ్బులు చూసింది, బాగున్నాయంది. అయితే ముందు వరసలకీ వెనక వరసలకీ మధ్య ఒక చిన్న తెర కట్టి ఉంది. మబ్బుల మీద కంటే దాని మీదే ఎక్కువసేపు నిలిచాయి ఆవిడ కళ్ళు. చివరికి ఆగలేక లేచి వెళ్ళి, దాని అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూసి వచ్చింది. "మిషను కుట్టు. చేత్తో వేసింది కాదు" అని చెప్పింది కోడలికి, పక్కింటి గుట్టు చెప్పినట్టు. సూదులూ కత్తెరా పెట్టెలో, విమానం అడుగున ఎక్కడో ఉన్నాయి. వాటికి ఊపిరాడుతోందో లేదో అన్నంత బెంగగా మధ్య మధ్య కిందకి చూసుకుంది.

విమానం కాస్త ఆలస్యంగా దిగింది. అయినా పరవాలేదు, వ్యాను ఎదురుగా ఉంటుంది, ఎక్కగానే పరుగు. బయటికొచ్చేసరికి నిజంగానే ఉంది. మడత నలగని తెల్ల చొక్కా వేసుకున్న డ్రైవరు, చేతిలో అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద హాలు పేరు, కింద నలుగురు, రెండు పెట్టెలు అని రాసుంది. ఆ అట్ట చూడగానే అత్తకి కాళ్ళు నేల మీద ఆనలేదు. దాదాపు పరిగెత్తింది.

"మేమే బాబూ, పద పద."

డ్రైవరు వాళ్ళని చూశాడు. వాళ్ళ వెనక చూశాడు. మళ్ళీ అట్ట చూసుకున్నాడు.

"నలుగురండీ. మీరిద్దరే ఉన్నారు. పెట్టె కూడా ఒకటే. మీ బండి వేరే ఉంటుంది, అటు చూడండి."

"ఇదే బాబూ. ఆ హాలుకే."

"ఇవాళ ఆ హాలు ప్రారంభం. ఈ విమానం దిగినవాళ్ళలో సగం మంది అక్కడికే. మొన్నో పెద్దాయన ఇలాగే మాదే మాదే అని ఎక్కి కూర్చున్నాడు. సగం దారి పోయాక అసలువాళ్ళు ఫోన్ చేసి నన్ను కడిగేశారు. మిగతా ఇద్దరూ రానివ్వండి, అందరం కలిసే పోదాం."

"వాళ్ళు రారు."

"ఏం, ఎందుకు రారు?"

"లేరు కనక."

"లేనివాళ్ళకి సీట్లెందుకు రాయించారండీ?"

అత్త గొంతు తగ్గించింది. "కుచ్చులకి."

డ్రైవరు కోడలి వైపు తిరిగాడు. "ఏమంటున్నారమ్మా ఈవిడ?"

"మా ఇంట్లో అన్నం కూడా కుచ్చులు పెట్టే వండుతారు బాబాయ్" అంది కోడలు. ఇంటి దగ్గరైతే ఆ మాటకి అత్త ఎదురు మాట అనేదే. ఇక్కడ అట్ట మీది నలుగురు అన్న మాటకేసే చూసింది.

డ్రైవరు మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. రాయించిన నంబరుకి చేశాడు. అది ఇంటిది. ఇస్త్రీపెట్టె చేతిలో ఉంటే మావయ్య ఫోనెత్తడు, ఎత్తలేదు. ఆఫీసుకి చేశాడు. ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నారు. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. చుట్టూ జనం పలచబడ్డారు. ఒక్కో కారూ కదిలిపోతోంది. గోడ గడియారం కేసి చూడకూడదనుకుంటూనే చూసింది అత్త. అక్కడ మఖమల్ తెర అంచు లేకుండా వేలాడుతోంది. సాయంత్రానికి జనం వచ్చి కూర్చుంటారు. కింద పీచులు వేలాడుతున్న తెర పక్కకి తప్పుకుంటే, మొట్టమొదటిసారి తను చూడబోయేది అదే. ఒకవేళ చేరితే.

ఎట్టకేలకి ఆఫీసమ్మాయి దొరికింది. డ్రైవరు విషయం చెప్పి, అవతలి మాట విని, ఫోను చెవికి ఆనించుకునే అత్తని అడిగాడు.

"బుక్ చేసేటప్పుడు మీరో మాట అడిగారటమ్మా. ఏం అడిగారు?"

"కిటికీలకి తెరలున్నాయా అని."

డ్రైవరు మొహం ఒక్కసారిగా మారిపోయింది. "అయితే మీరే. ఆ తెరల కోసం పొద్దున్నుంచీ ఆఫీసు నా ప్రాణం తోడేసింది. రండమ్మా రండి." పెట్టె ఎత్తబోయి, ఎత్తలేక నడుం పట్టుకున్నాడు. "మిగతా ఇద్దరూ ఇందులోనే ఉన్నారా ఏం?"

"గొలుసు బాబూ. తెర కింద పెట్టే గొలుసు."

వ్యాను కిటికీలకి తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. పురికొస కట్టి, బిర్రుగా లాగి మరీ బిగించాడు. ఒక్క కుచ్చు లేదు. అత్త నోరు తెరిచింది. కోడలు మోచేత్తో పొడిచింది. అత్త నోరు మూసుకుంది.

బండి కదిలింది గానీ పోయిన పొద్దు పోయింది. "అక్కడికెళ్ళి పట్టీలోకి గొలుసెప్పుడు ఎక్కిస్తాం, అంచుకెప్పుడు కుడతాం" అంది కోడలు.

అత్త వెనక్కి తిరిగి చూస్తోంది. ఇద్దరు కూర్చున్న వ్యాను ఎంత ఖాళీగా ఉంటుందో అంత ఖాళీగా ఉంది.

"బాబూ, ఈ సీట్లు వాలతాయా?"

"వాలతాయమ్మా. పడుకుంటారా?"

"పడుకోవడమా. బండి పక్కకి ఆపి వాల్చు ముందు."

వాల్చాక చూస్తే అచ్చం ఇంటి ముందుగదిలో బల్లే. పెట్టెలోంచి పట్టీ తీసి ఆ చివర నుంచి ఈ చివరకి పరిచారు. కోడలు ఆ కొస నుంచి గొలుసు జారవిడుస్తోంది, అత్త ఈ కొస నుంచి లాగుతోంది, లాగిన మేరకి పట్టీ మూతి మూస్తూ టాకాలు వేస్తోంది. నడిచే బండిలో సూది పట్టడమంటే మాటలు కాదు.

"గుంతలొస్తే ముందే చెప్పు బాబూ."

"గుంత" అన్నాడు డ్రైవరు. సూది పైకి లేచింది. బండి ఊగింది. "పోయిందమ్మా, కానివ్వండి." సూది దిగింది.

ఆ తర్వాత ఇంక అదే పాట. గుంత, పోయింది. మలుపు, పోయింది. ఒకచోట, "గేదె అమ్మా" అన్నాడు. "గేదెకి సూది ఆపాలా?" అంది కోడలు. "నేను బ్రేకేస్తే మీరే ఆపుతారు" అన్నాడు. అత్తకి నవ్వొచ్చి, వేలికి గుచ్చుకుని, వేలు నోట్లో పెట్టుకుని మరీ నవ్వింది. ఇంత హుషారుగా జీవితంలో ఎప్పుడూ పని చేయలేదావిడ. హాలు ముందు బండి ఆగేసరికి పట్టీ మొత్తం గొలుసు మింగి, చుట్ట చుట్టుకున్న కొండచిలువలా సీట్ల మీద పడుకుంది.

మేనేజరు మెట్ల మీదే కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ముగ్గురూ కలిసి పట్టీ మోసుకుంటూ స్టేజీ మీదకి పరిగెత్తారు. మూడోవాడు డ్రైవరే. దింపేసి పోవలసినవాడు, ఏమనుకున్నాడో, కొస భుజాన వేసుకుని వచ్చేశాడు. అత్త తెర ముందు ఆగింది. తన బల్ల మీద ముక్కలు ముక్కలుగా పారిన బట్ట, ఇక్కడ పైకప్పు నుంచి ఒకే ఎరుపై దిగింది. చూస్తూ నిలబడే తీరిక లేదు. నేల మీద చతికిలబడ్డారు అత్తాకోడళ్ళు. డ్రైవరు తెర బరువు రెండు చేతులా ఎత్తి పట్టాడు. వాళ్ళు చెరో కొసా మొదలుపెట్టి మధ్యకి కుట్టుకొస్తున్నారు. తెరకి అవతల కుర్చీలు నిండుతున్న చప్పుడు, దగ్గులు, పిల్లల గోల. గంట మోగింది. అత్త ముడి వేసి, దారం పంటితో కొరికి, నేల కంటే ఒక వేలెత్తున నిలిచిన అంచుని అరచేత్తో ఒకసారి నిమిరింది.

మేనేజరు పక్క తలుపులోంచి వాళ్ళని హాల్లోకి తోశాడు. "మీరడిగినట్టే నాలుగు సీట్లు ఉంచానమ్మా."

కోడలు అత్తకేసి చూసింది. "సీట్లు కూడానా?"

"ముందు కూర్చోవే."

మూడో సీట్లో డ్రైవరు కూర్చున్నాడు, నలిగిన చొక్కా సర్దుకుంటూ. నాలుగో సీట్లో కుట్టుడబ్బా పెట్టారు. దీపాలు తగ్గాయి. తెర మధ్యకి చీలి రెండు పక్కలకీ జరగడం మొదలుపెట్టింది. హాలంతా స్టేజీ వైపు చూస్తుంటే అత్త ఒక్కతే నేల వైపు చూసింది. అంచు ఒక్కచోటా నేలని తాకలేదు, ఒక్కచోటా పైకి లేవలేదు. గీత గీసినట్టు నీళ్ళలో పడవలా జరిగి, రెండు కొసల్లో కుచ్చులు కుచ్చులుగా ఒదిగిపోయింది.

"చూశారా అత్తయ్యా?"

"అంచే చూశానే. తెర చూడ్డం మర్చిపోయాను."

"అయ్యో."

అత్త వెనక్కి ఒరిగి, చెంగుతో మొహం తుడుచుకుని, సీట్లో స్థిరంగా సర్దుకుంది.

"ఏం ఫరవాలేదు. విరామంలో మూసి మళ్ళీ తెరుస్తారట, మేనేజర్ని ముందే అడిగాను" అంది.